తలకైతే పర్వాలేదు

మా అమ్మ గోరింటాకు ముట్టుకోవాలంటే చేతులకి గ్లౌజులు ఉండాలి. ఒక జత కాదు, రెండు. లోపల పల్చటి ప్లాస్టిక్‌వి, వాటి మీద మెడికల్ షాపులో దొరికే రబ్బరువి. మణికట్టు దగ్గర జారకుండా రబ్బరు బ్యాండ్లు. ఇవన్నీ వేసుకుని, నైటీ మీద పాత తువ్వాలు కప్పుకుని బాల్కనీలో నిలబడితే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళబోతున్న సర్జన్‌లా ఉంటుంది.

చాలాకాలం దాన్ని శుభ్రత అనుకున్నాను. అమ్మకి శుభ్రత కాస్త ఎక్కువే. గోళ్ళ సందుల్లో రంగు ఉండిపోతే అన్నం కలుపుకునేటప్పుడు చూడ్డానికి బావుండదని కాబోలు, అనుకుని ఊరుకున్నాను. అసలు సంగతి అర్థం కావడానికి మూడేళ్ళు పట్టింది. అందులో నా తెలివితక్కువతనం కొంత, ఆవిడ చెప్పకపోవడం కొంత.

నెలకో ఆదివారం మా ఇంట్లో తలకి గోరింటాకు. అమ్మ ఆ మాట వాడదు. 'హెన్నా' అంటుంది. చేతికి పెట్టుకునేది గోరింటాకు, తలకి పెట్టుకునేది హెన్నా. రెండూ ఒకే ఆకని ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. తెనాలిలో మా దొడ్లో చెట్టే ఉండేది. అయినా మాట మార్చదు. పక్క ఫ్లాట్ ఆంటీది కరీంనగర్. ఆవిడకి చేతికైనా తలకైనా మైదాకే. "హెన్నా నానబెట్టాను" అని అమ్మ అంటే, "మైదాకా?" అని ఆవిడ అడగడం, "ఆఁ, హెన్నా" అని అమ్మ సరిదిద్దడం నెలనెలా జరిగే తంతు.

శనివారం రాత్రి భోజనాలయ్యాక ఇనుప మూకుడు కిందికి దిగుతుంది. అమ్మతోపాటు తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చిన మూకుడు అది. ఇప్పుడు అందులో వంట చెయ్యం, దానికి ఇదొక్కటే ఉద్యోగం. రెండు చెంచాల టీపొడి, రెండు లవంగాలు వేసి నీళ్ళు మరిగించాలి. డికాక్షన్ చల్లారాక వంద గ్రాముల పొడి, ఒక చెంచా ఉసిరిపొడి, అర చెక్క నిమ్మరసం. ఉండలు కట్టకుండా కలపాలి. గరిటెతో ఎత్తితే జారాలి గానీ కారకూడదు. మూతపెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పైన ముదురు గోధుమరంగు తెట్టు కడుతుంది. కలిపి చూస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంటుంది. వంటిల్లంతా వాన పడ్డ గడ్డివాము వాసన. ఈ వాసన పడనివాళ్ళు ఉంటారని పెళ్ళయ్యాక తెలిసింది. మా ఆయన శనివారం రాత్రి వంటింట్లోకి రాడు.

పక్కింటి ఆంటీ గుడ్డు సొన కలపమంటుంది. మా ఇంట్లో గుడ్డు రాదు కాబట్టి ఆ చర్చ అక్కడే ఆగిపోతుంది. నిజానికి గుడ్డు, కాఫీ, బీట్‌రూట్ రసం, మందారాకు ఇవన్నీ ఎవరి నమ్మకం వాళ్ళది. రంగు పని చేసేది మాత్రం ఒక్కటే. లాసోన్ అనే పదార్థం. ఆకులో అది చక్కెరతో ముడిపడి ఉంటుంది. పొడిని కాస్త పులుపు కలిసిన నీళ్ళలో నానబెడితే ఆ ముడి మెల్లగా విడిపోతుంది. విడివడిన లాసోన్ వెళ్ళి కెరటిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. జుట్టూ, గోళ్ళూ, చర్మం పైపొరా అన్నీ ఆ కెరటినే. గోడకి సున్నం వేసినట్టు పైపైన అంటుకోవడం కాదు, రసాయనికంగా దానితో కలిసిపోవడం. అందుకే సబ్బుకి వదలదు. జుట్టు మీదైతే ఆ వెంట్రుక ఉన్నన్నాళ్ళూ, చర్మం మీదైతే ఆ పొర రాలిపోయేదాకా ఉంటుంది. అరచెయ్యి ఎర్రగా పండి ముంజెయ్యి పాలిపోయినట్టు ఉండటానికి కారణం కూడా ఇదే. అరచేతిలో ఆ పైపొర దళసరి.

ఈ లాసోన్ పేరు వెనక ఒక తమాషా ఉంది. స్వీడన్ దేశపు లిన్నేయస్ మొక్కలకి శాస్త్రీయనామాలు పెడుతూ గోరింట చెట్టుకి 'లాసోనియా' అని తన స్నేహితుడు, స్కాట్లండ్ డాక్టరు ఐజాక్ లాసన్ పేరు తగిలించాడు. 1735లో లిన్నేయస్ పుస్తకం అచ్చుకి డబ్బు సాయం చేసినవాళ్ళలో ఆయనొకడు. ఎన్నో వందల ఏళ్ళుగా ఆడవాళ్ళు రుబ్బి రుబ్బి ఎర్రబరిచిన రంగుకి, పుస్తకం అచ్చేయించిన స్నేహితుడి పేరు. ఆయన చెయ్యి ఒక్కసారైనా పండిందో లేదో.

ఇనుప మూకుడు సంగతి మాత్రం నమ్మకం కాదు. టీలోనూ ఉసిరిలోనూ ఉండే టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. ఒకప్పుడు యూరప్‌లో రాతకి వాడిన సిరా ఈ కలయికే. ముద్ద కొంచెం ముదరడానికి అది పనికొస్తుంది. జుట్టు నల్లగా మాత్రం అయిపోదు. శుద్ధమైన గోరింటాకు ఏ జన్మలోనూ నలుపు ఇవ్వదు. తెల్ల వెంట్రుక నారింజ, ఇటుక రంగుల మధ్య ఎక్కడో ఆగుతుంది. నల్ల వెంట్రుక నల్లగానే ఉండి ఎండలో మాత్రం ఎర్రటి మెరుపు చూపిస్తుంది. చార్మినార్ వైపు వెళ్తే నారింజరంగు గెడ్డాల పెద్దవాళ్ళు కనిపిస్తారు చూడండి, ఆ రంగే అసలు రంగు.

జుట్టుకి మంచిదా అని ఆఫీసులో అడుగుతుంటారు. నాకు తెలిసింది చెప్తాను. కొత్త జుట్టు మొలిపించదు. ఉన్న వెంట్రుక కాస్త దళసరిగా, బరువుగా అనిపిస్తుంది, మెరుపొస్తుంది. కడిగిన రోజు మాత్రం ఎండుగడ్డే. ఆ రాత్రి కొబ్బరినూనె రాసుకుని మర్నాడు తలంటుకుంటే గానీ దారికి రాదు. ఉంగరాల జుట్టువాళ్ళు జాగ్రత్త, నెలనెలా పెడితే ఉంగరాలు సాగిపోతాయి. నావి అలాగే పోయాయి. ఇక 'చలవ' అంటారా, రెండు గంటలసేపు నెత్తి మీద తడిముద్ద ఉంటే చలవ చెయ్యక ఏం చేస్తుంది. డిసెంబరులో జలుబు కూడా చేస్తుంది. డికాక్షన్‌లో లవంగాలు అందుకే అంటుంది అమ్మ.

ఇదంతా నాకు సరదాకి తెలిసిన విషయం కాదు. ఒక తప్పు చేశాక కూర్చుని చదువుకున్నది.

నాన్న పోయేదాకా అమ్మ జుట్టుకి నల్లరంగు వేసుకునేది. చిన్న పొట్లంలో పొడి, నీళ్ళలో కలిపి పాత టూత్‌బ్రష్షుతో పాపిట పక్కన రాసుకోవడం. రాసుకున్నాక రెండు మూడు రోజులు చెవుల వెనక గోక్కుంటూ ఉండేది. "పడట్లేదేమో, మానెయ్" అంటే "రంగన్నాక ఆమాత్రం దురద ఉండదా" అనేది. నాన్న పోయాక ఏడాదిపాటు దేని జోలికీ పోలేదు. ఏడాది తిరిగేసరికి అమ్మ తల మొత్తం తెల్లబడింది. తెల్లబడటం అప్పుడే జరగలేదని, ఇన్నాళ్ళూ మాకు కనపడలేదంతే అని తెలుసు. అయినా తట్టుకోలేకపోయాను. వీడియో కాల్‌లో తెల్లటి తల చూసినప్పుడల్లా ఆవిడ నాకు తెలియని ఎవరో ముసలావిడలా కనిపించేది.

హైదరాబాద్ తీసుకొచ్చేశాక మొదటి పని అదే పెట్టుకున్నాను. రంగు వేసుకోమని పోరాను. వద్దంది. కెమికల్ కాదు, హెన్నా, ఆకుపొడి, జుట్టుకి మందులాంటిది అని నచ్చజెప్పాను. కాసేపు ఆలోచించి, "తలకైతే పర్వాలేదులే" అంది. ఆ మాటలో 'తలకైతే' అన్నది నేను వినలేదు. ఒప్పుకుందన్నదే విన్నాను.

సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి పచ్చటి ఆకు బొమ్మ ఉన్న పెట్టె తెచ్చాను. పెద్ద అక్షరాలతో 'బ్లాక్ హెన్నా', కింద 'సహజం' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. నేనే కలిపాను, నేనే రాశాను. అరగంటలో నల్లగా నిగనిగలాడింది. నాకెంత సంతోషమో. మర్నాడు పొద్దున్నకి అమ్మ నుదురు ఉబ్బింది. సాయంత్రానికి కళ్ళు మూసుకుపోయాయి. చెవుల వెనక నీరు కారుతోంది. ఆస్పత్రిలో డాక్టరు పెట్టె ఫోటో చూపించమంది. ఫోన్‌లో వెనక వైపు పెద్దది చేసి, వేలు పెట్టి ఒక పేరు చూపించింది: పారా ఫెనిలిన్ డయామిన్. పీపీడీ అంటారు. నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండేది అదే. ఆవిడ పొట్లాల్లో ఇన్నేళ్ళూ దురద పెట్టిందీ అదే అయ్యుండాలి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఇక జన్మలో పడదని, ప్రతిసారీ ఇంకా ఎక్కువగా తిరగబడొచ్చని చెప్పింది. "హెన్నా అన్నారు కదండీ" అన్నాను. "ఆకుతోపాటు ఇది కూడా ఉందమ్మా. అరగంటలో నల్లగా అయ్యిందంటే అది ఆకు పని కాదు" అంది.

అమ్మ వారం రోజులు కళ్ళు సరిగ్గా తెరవలేకపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

అప్పట్నుంచి పెట్టె వెనక చదవకుండా ఏదీ కొనను. పొడిలో ఒక్క పేరే ఉండాలి, లాసోనియా ఇనర్మిస్. మేం తెప్పించేది రాజస్థాన్ పాలీ జిల్లా సోజత్ వైపు పండిన ఆకు. అక్కడి మెహందీకి 2021లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. 'సహజం' అన్న మాట వింటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సహజమైతే హాని చెయ్యదనేమీ లేదు. జీ6పీడీ లోపం ఉన్న పసిపిల్లలకి అసలైన గోరింటాకు కూడా ప్రమాదమే, రక్తకణాలు చితికిపోతాయి. ఆకు మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్ళని నేను నమ్మను. ఎవరి ఒంటికి, ఎంత, దేంతో కలిపి అని అడగాలి.

సరే, చేతుల సంగతికి వస్తాను.

నా చిన్నప్పుడు ఆషాఢం వచ్చిందంటే మా ఇంట్లో ఒక రాత్రి ఖాయంగా గోరింటాకు రాత్రి. మధ్యాహ్నం బామ్మ, అమ్మ దొడ్లో చెట్టుకింద కూర్చుని రెమ్మలు దూసేవాళ్ళు. చిన్న చిన్న ముళ్ళు గుచ్చుకునేవి. రుబ్బురోట్లో ఆకు, కాస్త చింతపండు, ఒక వక్క ముక్క. అమ్మ రుబ్బుతున్నప్పుడే ఆవిడ కుడిచెయ్యి సగం పండిపోయేది. అందుకే అమ్మకి ఎప్పుడూ కుడిచెయ్యి ఎక్కువ ఎరుపు. పిల్లలకి పెట్టాక, పనంతా తెమిలాక, అందరికన్నా ఆఖర్న తను పెట్టుకునేది. మధ్యలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు. కోన్లతో వేసే తీగలూ నెమళ్ళూ మా ఊళ్ళోకి అప్పటికి రాలేదు. వచ్చాక కూడా అమ్మకి నచ్చలేదు, "బట్టల మీద ప్రింటులా ఉంది" అనేది.

రెండు చేతులకీ ముద్ద ఉంటే అన్నం ఎలా తినడం? ఆ రాత్రి నాన్న వడ్డించేవారు. పప్పూ అన్నం కలిపి మాకు ముద్దలు పెట్టేవారు. బామ్మ పడుకున్నాక వంటింట్లో తలుపు దగ్గరగా వేసి అమ్మకి కూడా పెట్టేవారు. ఏడాదికి ఒక్క రాత్రి. నేను ఒకసారి మంచినీళ్ళకని లేచి చూశాను. అమ్మ రెండు చేతులూ గాల్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది, నాన్న ముందు గొంతుక్కూర్చుని ముద్ద కలుపుతున్నారు. "బాగా పండితే మంచి మొగుడొస్తాట్ట" అంటోంది అమ్మ. "నేను వచ్చేశాగా, ఇంకా ఎందుకే పండించుకోవడం" అన్నారు నాన్న. నేను నీళ్ళు తాగకుండానే వెనక్కి వెళ్ళి పడుకున్నాను.

నాన్న పోయాక మొదటి ఆషాఢం అమ్మ తెనాలిలోనే గడిపింది. ఆ ఏడు నేను ఏమీ అడగలేదు. మరుసటి ఏడు హైదరాబాద్‌లో పక్కింటి ఆంటీ గిన్నెలో మైదాకు రుబ్బి తెచ్చి ఇచ్చింది, ఇద్దరూ పెట్టుకోండని. ఆవిడకి తెలియక కాదు, తెలిసే తెచ్చింది. ఆవిడ తీరే అంత. అమ్మ గిన్నె తీసుకుని నవ్వి, నాకు పెట్టింది. ఎంతో ఓపిగ్గా, చందమామా చుక్కలూ. గ్లౌజులు వేసుకునే పెట్టింది. "నువ్వూ పెట్టుకోవే అమ్మా" అంటే "నాకెందుకే ఇప్పుడు" అంది. ఎవరొద్దన్నారని వాదించాను. నిజంగానే ఎవరూ వద్దనలేదు. బామ్మ అప్పటికే లేదు. బాబాయిలకి ఇలాంటి పట్టింపులు లేవు. బొట్టు తీసెయ్యమని ఎవరూ అనలేదు, చిన్న స్టిక్కరు పెట్టుకుంటూనే ఉంది. రంగుచీరలు కడుతుంది. గోరింటాకు దగ్గరే ఆగిపోయింది. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. దాని గురించి మేం బళ్ళో చదువుకున్నాం, పది మార్కుల ప్రశ్న. అమ్మా చదువుకుంది.

అప్పుడు కూడా నాకు వెలగలేదు. చేతికి పెట్టుకోను అన్న మనిషి, తలకి పెట్టేటప్పుడు గ్లౌజులు వేసుకుంటోంది. రెండిటినీ కలిపి చూడలేదు నేను.

మొన్న ఫిబ్రవరిలో నా పాపిట్లో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టడం మానేసే స్థితికి వచ్చాను. నాకు ముప్పై నాలుగు. "ఈసారి నీకూ పెడతా కూర్చో" అంది అమ్మ. స్టూలు మీద నేను, వెనక తను. పాయలు పాయలుగా విడదీసి కుదుళ్ళకి పట్టిస్తోంది. చిన్నప్పుడు జడ వేసినట్టే, మధ్యలో ఒకసారి నెత్తి మీద చిన్నగా తట్టి "కదలకు" అంది. నా జుట్టులో మరిచిపోయిన పిన్నీసు ఒకటి ఉంది. అది గ్లౌజుని చీల్చింది. రెండు పొరలూ పోయాయి. ముద్ద లోపలికి దిగి అరగంటసేపు అరచేతికి అంటుకునే ఉంది. పని అయ్యేదాకా ఆవిడ చూసుకోలేదు.

గ్లౌజు తీసి చూసుకుని కొళాయి దగ్గరికి పరిగెత్తింది. సబ్బు, తర్వాత నిమ్మచెక్క, తర్వాత ఉప్పూ నూనే, తర్వాత గిన్నెలు తోమే పీచు. అప్పటికి లేత నారింజ రంగే. మర్నాటికి ఇటుక రంగు. గాలి తగిలినకొద్దీ రెండు రోజులదాకా ముదురుతూనే ఉంటుంది లాసోన్. మూడోరోజుకి అరచెయ్యి సగం, చూపుడువేలు, మధ్యవేలు చివర్లు చిక్కటి ఎరుపు. బాత్రూమ్‌లో బ్లీచింగ్ డబ్బా మూత తీసిన చప్పుడు విని వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎందుకమ్మా అంత? రెండు వారాల్లో అదే పోతుంది. చర్మం పైపొర రాలిపోతే..." అని కెరటిన్ పాఠం మొదలుపెట్టాను.

"ఆదివారం గృహప్రవేశం" అంది.

గుంటూరులో బాబాయి కొడుకు కొత్త ఇల్లు. చుట్టాలందరూ వస్తారు. అప్పుడు, బ్లీచింగ్ డబ్బా మధ్యలో పెట్టుకుని ఇద్దరం బాత్రూమ్ గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు, నాకు అర్థమైంది. గ్లౌజులూ, హెన్నా అన్న మాటా, తలకైతే పర్వాలేదన్న మాటా. నెత్తి మీదది మందు. చేతి మీదది ముచ్చట. ఒకే గిన్నెలోది, ఒకే ముద్ద.

అమెరికాలో ఉన్న నా స్నేహితురాలికి ఇది చెప్తే నవ్వి, అక్కడి రూలు కూడా మీ అమ్మ పక్షమే అంది. నిజమే. అక్కడి ఎఫ్‌డీఏ గోరింటాకుని జుట్టుకి రంగుగా మాత్రమే ఒప్పుకుంది. చర్మానికి పూయడానికి అనుమతి లేదు. వాళ్ళ కారణాలు వేరు. కానీ ఆ రూలు చదువుతుంటే ఎవరో పెద్ద ముత్తయిదువ రాసినట్టే అనిపించింది.

రాత్రి పడుకోబోయే ముందు అమ్మ వాళ్ళ నాయనమ్మ గురించి చెప్పింది. అమ్మ చిన్నప్పుడు ఇంట్లో ఉండేదట ఆవిడ. గుండు, తెల్లపంచె, తల మీంచి ముసుగు. కొన్నాళ్ళకోసారి మంగలి వీధి గుమ్మంలోంచి కాకుండా దొడ్డిదారిన వచ్చేవాడట. అతను వచ్చినరోజు పిల్లల్ని దొడ్లోకి పోనిచ్చేవాళ్ళు కాదట. అమ్మ ఒకసారి కిటికీలోంచి చూసింది. "ఆవిడ తల వంచుకుని కూర్చుంది. జుట్టేం లేదక్కడ, చిన్న చిన్న మొలకలు. అవి కూడా ఉండకూడదన్నమాట" అంది. కాసేపు ఆగి, "నాకు జుట్టుంది కదే. రంగు కూడా ఉంది. దానికి మీ నాన్న ఉన్నా లేకపోయినా ఎవరూ ఏమనట్లేదు. చెయ్యి కూడా కావాలంటే ఎలా" అంది.

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. నేను చదివిన పుస్తకాలన్నీ జవాబులే. ఏదీ నోటికి రాలేదు.

రైల్లో గుంటూరు వెళ్ళేదాకా కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకునే కూర్చుంది. టీ కప్పు ఎడంచేత్తో పట్టుకుంది. గృహప్రవేశంలో పాలు పొంగించేటప్పుడూ, పసుపు కుంకుమలు పంచేటప్పుడూ ఎప్పట్లాగే ఎవరూ చెప్పకుండానే వెనక వరసకి వెళ్ళింది. అక్కడ మా తాతగారి చెల్లెలు, చిన్న బామ్మ, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. ఆవిడ భర్త పోయినప్పటికి ఆవిడకి ముప్పై కూడా లేవంటారు. అమ్మ పక్కన కూర్చుంది. వడ్డించేవాళ్ళు కాఫీ గ్లాసు అందిస్తే అలవాటులో కుడిచెయ్యి చాచింది.

"ఏమిటే అమ్మాయ్ అది?" అంది చిన్న బామ్మ.

"దీని తలకి పెట్టానండీ, అత్తయ్యగారూ. గ్లౌజు చిరిగింది" అని అమ్మ నన్ను చూపించింది. గొంతు కొంచెం పెద్దదిగానే ఉంది, చుట్టుపక్కల అందరికీ వినపడేలా.

చిన్న బామ్మ కాఫీ గ్లాసు తీసి కింద పెట్టించి, అమ్మ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళజోడు పైకి నెట్టుకుని వేలు వేలూ తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "బాగా పండిందే" అంది. ఏ వెటకారమూ లేదు. ఆషాఢంలో పొద్దున్నే చేతులు కడుక్కొచ్చాక ఒకరికొకరు చూపించుకుని అనుకునే మాటే, అదే తీరులో అంది.

అమ్మ ఏమీ అనలేదు.

"నేను అరికాళ్ళకి పెట్టుకునేదాన్ని" అంది చిన్న బామ్మ, మెల్లగా, నా వైపు చూస్తూ. "మంటలని చెప్పేదాన్ని. కొంచెం మంటలు ఉండేవిలే. మా అత్తగారే రుబ్బి ఇచ్చేది, మందు కదాని. రాత్రి పెట్టుకుని పొద్దున్నే కడిగేసుకుంటే, ఇంక పాదాలు ఎవరు చూస్తారు? చీర ఉంటుందాయె."

అమ్మకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుదుపుకుదుపుగా, ఆపుకోలేక నవ్వింది. చిన్న బామ్మ కూడా నవ్వింది. పంతులుగారు మంత్రాల మధ్యలో ఒకసారి ఇటు చూశారు. కాఫీ చల్లారిపోయింది. ఇంకో గ్లాసు తెచ్చి ఇచ్చాను, అమ్మ కుడిచేత్తోనే అందుకుంది.

తర్వాత అంతా మారిపోయిందని రాయాలనే ఉంది. మారలేదు. మార్చి నెల ఆదివారం మళ్ళీ రెండు జతల గ్లౌజులు బయటికి వచ్చాయి. "ఇంకా ఎందుకమ్మా ఇవి" అన్నాను. "అలవాటయిపోయిందే" అంది. నిజమే అయ్యుండొచ్చు. మొన్న ఆషాఢంలో మళ్ళీ పక్కింటి మైదాకు గిన్నె వచ్చింది, మళ్ళీ నాకు పెట్టింది, తను పెట్టుకోలేదు. అడగబోయి ఊరుకున్నాను. ఆవిడకి నిజంగానే అక్కర్లేదేమో, అక్కర్లేదని అలవాటు చేసుకుందో నాకు తెలియదు. ఈ రెండిటి మధ్య తేడా బయటినుంచి కనిపెట్టగలనని ఇంతకుముందు అనుకునేదాన్ని. చెయ్యి పండిన ఆ రెండు వారాల్లో చివరి రోజుల్లో, రంగు పెచ్చులు పెచ్చులుగా వెలుస్తున్నప్పుడు, టీవీ చూస్తూ అరచెయ్యి తిప్పి చూసుకోవడం రెండుసార్లు గమనించాను. దానికి ఏం అర్థం చెప్పాలో కూడా తెలియదు.

పోయిన వారం నీలి ఆకు పొడి తెప్పించాను. గోరింటాకు మీద నీలిపొడి పెడితే జుట్టు నల్లబడుతుంది, పీపీడీ అవసరం లేకుండా. ఇది వేరే పద్ధతి. రాత్రంతా నానబెట్టకూడదు, నిమ్మకాయ పిండకూడదు. ఉత్త గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, పావుగంట ఆగి వెంటనే రాసెయ్యాలి, ఆలస్యమైతే సత్తువ పోతుంది. ముందుగా చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు ఆగి చూశాం. ఏమీ కాలేదు. ఆదివారం పొద్దున్న ఎర్రముద్ద కడిగేశాక, రెండో గిన్నెలో నీలిపొడి కలపబోతూ "అచ్చం నాన్న ఉన్నప్పటిలాగే నల్లగా అయిపోతుంది చూడు" అన్నాను.

అమ్మ తడితల తువ్వాలుతో వత్తుకుంటోంది. బాల్కనీలో ఎండ పడుతోంది. తువ్వాలు నిండా ఎర్రటి మరకలు. ఒక పాయ ముందుకి లాక్కుని ఎండలో పెట్టి చూసుకుంది.

"నలుపెందుకే" అంది. "ఇలా ఉండనీ."

నీలిపొడి పొట్లం మళ్ళీ కట్టేసి ఫ్రిజ్ మీద పెట్టాను. నాకు కావాలంటే వాడుకోమంది.